ఆకులకే రంగు

వనపర్తిలో మా సందు మొదట్లో ఒక జిరాక్సు దుకాణం ఉండేది. కాగితం పట్టుకుని నేను గుమ్మం ఎక్కగానే అక్కడి మనిషి అడిగే మాట ఒక్కటే.

"ఏ స్కూలుకు మేడం?"

"స్కూలుకు గాదు. పెద్దోళ్లకు."

"పెద్దోళ్లేం జేస్తరు వీటితోని?"

"రంగులేస్తరు."

అతను ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా మొహం వైపు చూసేవాడు. కాగితం మీద నేను నల్ల ఇంకు పెన్నుతో గీసిన మందారాలు ఉండేవి, లేదా కుండీలో గులాబీలు, లేదా ఒక తీగ. గీతలే తప్ప రంగు ఉండదు. రంగు వేసుకునేది ఇంకొకళ్లు. ఈ ముక్క అర్థం కావడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కానీ వారం తిరిగి నేను వెళ్లేసరికి మళ్లీ అదే ప్రశ్న. ఒకసారి అడగకుండానే మంచి చేద్దామనుకుని, నా తామరపువ్వు కింద లావుపాటి అక్షరాలతో 'పువ్వు' అని రాసి మరీ కాపీలు తీసిపెట్టాడు. "పిల్లలకు జల్ది సమజైతది మేడం" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కాపీలన్నీ అక్కడే పడేసి ఇంటికొచ్చి, మళ్లీ మర్నాడు పొద్దున వెళ్లి తీయించుకున్నాను, ఊళ్లో అంతకంటే మంచి మిషను ఇంకోటి లేదు కాబట్టి.

ఇదంతా నేను సరదాకి మొదలుపెట్టలేదు. మా అక్క కోసం మొదలుపెట్టాను.

మా పుట్టిల్లు నాగర్‌కర్నూలు. అక్కను గద్వాలకు ఇచ్చారు, నన్ను వనపర్తికి ఇచ్చారు. మా ఇంట్లో విసుగు వంశపారంపర్యం. మా నాన్న రేడియోలో వార్తలు చదివేవాళ్లను కసురుకునేవాడు. అమ్మ ఉడకని కందిపప్పుతో పోట్లాడేది. అందరిలోకీ పైచేయి మా అక్కది. కూరగాయల బండివాడు మొదలుకుని సరిగా వెలగని దీపం వత్తి దాకా ఆమె నోటికి భయపడని వస్తువు లేదు. కానీ ఏ పనైనా ఆమె చేతిలో పువ్వులా ఒదిగేది. ముఖ్యంగా రంగు. నేను గీత గీస్తాను గానీ రంగు నా చేతికి లొంగదు. అక్కకు గీత రాదు, రంగు ఎక్కడ ఎంత ఆపాలో మాత్రం పుట్టుకతోనే వచ్చినట్టు ఉండేది.

బతుకమ్మ పండుగ ముందు పొలాల గట్ల మీద గునుగు పూస్తుంది. తెల్లటి కంకిలాంటి పువ్వు. దాన్ని కట్టలుగా కట్టి, కాడలు సమానంగా కత్తిరించి, రంగునీళ్లలో కొసలు ముంచి ఆరబెడతారు. ఎర్రవి, నీలివి, పచ్చవి వరుసలుగా పేర్చితేనే బతుకమ్మకు నిండుదనం. గద్వాల వైపు మా నాగర్‌కర్నూలంత గట్టిగా ఈ పండుగ ఉండేది కాదు. అక్క కోడలిగా వెళ్లాక ఆ వీధి ఆడవాళ్లకు గునుగు అద్దడం తనే నేర్పింది. నేర్పింది అంటే అందరినీ తిట్టి, వాళ్ల చేతుల్లోంచి లాక్కుని, చివరికి తనే చేసేది. వీధి మొత్తం గునుగు చాటల్లో మోసుకొచ్చి అక్క వాకిట్లో పోసేవాళ్లు. పండుగ అయిపోయి ఎన్నాళ్లయినా అక్క వేళ్లకు గులాబీ, నీలి రంగులు వదిలేవి కావు. ఆ చేత్తోనే జొన్నరొట్టెలు కొట్టి పెడితే మా బావ ప్రతి ఏడూ కళ్లకద్దుకుని తిన్నట్టు నటించి ఆటపట్టించేవాడు. "మీ అక్క రంగు రొట్టెలు" అని నాతో చెప్పి నవ్వేవాడు.

ఒక ఎండాకాలం బావ పోయాడు. పొద్దున ఛాతీలో మంట అన్నాడు, దవాఖానకు తీసుకుపోయేలోపు అయిపోయింది.

ఆ తర్వాత అక్క మంచిదైపోయింది. నాకు అదే భరించరానిదైంది. ఏమన్నా "సరే" అనేది. కూరలో ఉప్పు లేకపోతే "పర్వాలేదు తియ్యి" అనేది. కూరగాయలాయన పుచ్చు వంకాయలు ఇస్తే తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. వెనుక గదిలో కిటికీ పక్కన కూర్చుని గోడ చూసేది. ఎవరొచ్చి ఏ సలహా చెప్పినా తల ఊపేది. బంధువులంతా "ఎంత నెమ్మదైపోయింది పాపం" అని మెచ్చుకుంటుంటే, నాకు వాళ్ల మీద గిన్నెలు విసరాలనిపించేది. ఆ ఏడు పండుగకు గునుగు అక్క వాకిట్లోకి రాలేదు. ఎవరూ తేలేదు, ఆమె తెమ్మననూ లేదు. బొట్టు తీసేసిన మనిషి పూలు ముట్టదని అందరికీ తెలుసు, కాబట్టి ఎవరికి వాళ్లు ఊరుకున్నారు.

నాకు కావలసింది ఒక్కటే. అక్క మళ్లీ ఎవరినో ఒకరిని విసుక్కోవాలి. ఆమె వేళ్లకు మళ్లీ రంగు అంటాలి. నా దగ్గర ఉన్నది గీత ఒక్కటే కాబట్టి గీశాను.

మొదటి కాగితాలు, ఒక రంగు పెన్సిళ్ల డబ్బా తీసుకుని వెళ్లినప్పుడు అక్క వాటిని తిప్పి చూసి, "నేనొక్కదాన్నే గూసోని చిన్నపిల్లలెక్క రంగులేస్కోవాల్నా?" అంది. కోపంగా కాదు, మెల్లగా అంది. కోపంగా అన్నా బాగుండేది.

"ఒక్కదానివే ఏంది? మా వనపర్తిల అందరు ఏస్తున్నరు" అన్నాను. పచ్చి అబద్ధం. అప్పటికి వనపర్తిలో ఆ కాగితం చూసినవాళ్లు నేనూ జిరాక్సు అతనూ మాత్రమే.

"అట్లనా? సరే" అంది అక్క.

ఆ అబద్ధాన్ని నిజం చేయాలి గదా. అలా మొదలైంది నా పంపకం. కాపీలు తీయించి తెలిసిన ఆడవాళ్లందరికీ ఇచ్చాను. నలుగురూ రంగులు వేస్తే, ఆ కాగితాలు పట్టుకెళ్లి అక్కకు చూపిద్దామని నా ఆశ.

మా పక్కింటావిడ చేతిలో పెట్టి, "ఇవి మీకే, పిల్లలకు గాదు, మీరే వెయ్యాలె" అని మూడుసార్లు చెప్పాను. "అయ్యో, తప్పకుంట" అంది. సాయంత్రానికి వాళ్ల ఒకటో తరగతి పిల్లవాడు నా మందారానికి మీసాలు పెట్టి తెచ్చి చూపించాడు. "బాగేసిండు గద?" అని ఆవిడ మురిసిపోయింది. బాగానే వేశాడు, అది వేరే సంగతి.

ఎదురింటి పెద్దావిడకు తామరపువ్వు కాగితం ఇచ్చాను. రంగు వేసిందేమోనని వారం తర్వాత వెళితే అది వాళ్ల దేవుడి గూట్లో ఉంది. నాలుగు మూలలా పసుపు పెట్టి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించి ఉంది.

"రంగు ఎయ్యలేదేంది అత్తమ్మా?"

"అమ్మవారు గూసునే పువ్వుకు పెన్సిల్ ఎట్ల బెడ్తం బిడ్డా? తప్పుగాదూ?"

"అది నేను గీసిన. నా ఇంట్ల గీసిన, అన్నం పొయ్యి మీద పెట్టి."

"ఎవరు గీస్తే ఏంది, తామర తామరే గద" అంది. ఇంకోటి కావాలంది, కూతురికి పంపడానికి. నా ఖర్మ అనుకుని ఇచ్చాను.

ఇక మా మరదలి సంగతి. మా తమ్ముడి భార్య నాగర్‌కర్నూలులో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చేతుల మీద పూలపని కూడా చేసేది. ఈమె ఒక్కతి అర్థం చేసుకుంటుందని గంపెడాశతో నా దగ్గరున్న వాటిలో మంచివి ఏరి పంపాను. నెలలోపే ఫోను చేసింది. "వదినా, నీ పూలు ఊర్ల మస్తు నడుస్తున్నయ్! జర గొలుసులెక్క తీగ ఉన్నవి ఎక్కువ గియ్యి. మెడ చుట్టు సరిపోవాలె" అంది. చూడబోతే నా కాగితాల మీద సూదితో చిల్లులు పొడిచి, ముగ్గుపిండి అద్ది, గుడ్డ మీదికి దించుతోంది. నా కాగితం మీద రంగు తప్ప అన్నీ పడ్డాయి. నేను పుట్టింటికి వెళితే ఏ పేరంటంలో చూసినా నా గులాబీ తీగ ఎవరో ఒకరి మోచేతి దగ్గర కనిపించేది. పొంగిపోవాలా ఏడవాలా తెలియలేదు. మా ఆయనైతే, "నీ బొమ్మలకు ఆఖరికి గిరాకీ వచ్చింది, గమ్మున జాకెట్లకే గియ్యరాదూ" అన్నాడు. ఆ పూట ఆయనకు పచ్చిపులుసు మాత్రమే వడ్డించాను.

ఏ ఒక్కరూ కూర్చుని రంగు వేయలేదు. పెద్దమనిషి అన్నాక ఒక పని చేస్తే దానివల్ల ఏదో ఒక పని జరగాలి. తోరణం కావాలి, జాకెట్టు కావాలి, పూజ కావాలి, పిల్లవాడు ఊరికే ఉండాలి. ఏమీ కాకుండా ఒక కాగితం ముందు కూర్చుని ఒక రేకుకు రంగు నింపడమంటే మా వైపు ఆడవాళ్లకు చేతులు రావు. పని ఎగ్గొట్టినట్టు ఉంటుంది. నాకు అది అర్థం కాకపోలేదు. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు.

గద్వాలకు వెళ్లిన ప్రతిసారీ సంచిలో కొత్త కాగితాలు ఉండేవి. బస్సు బీచుపల్లి వంతెన దాటేటప్పుడు అందరూ ఆంజనేయుడికి దండం పెట్టుకుంటూ కృష్ణలోకి చిల్లర విసురుతుంటే, నేను కాగితాలు నలగకుండా ఒళ్లో పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి ఇటిక్యాల దగ్గర ఎక్కిన ఒకామె అవేంటని అడిగి, విని, "రంగు లేకుంటనే మంచిగున్నయ్ గద, మల్ల ఎందుకు?" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అక్క మాత్రం వేసింది. ఆ మాట చెప్పాలి. నేను ఇచ్చిన ప్రతి కాగితానికీ రంగు వేసి, దొంతిగా పెట్టి ఉంచేది. మొదటిసారి ఆ దొంతి నా చేతికిచ్చినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. తీరా తిప్పి చూస్తే ఆకులకు మాత్రమే రంగు ఉంది. ఎంత అందంగా వేసిందో చెప్పలేను. ఒక్కో ఆకుకు ఈనె దగ్గర ముదురుగా, అంచుకు లేతగా, వెలుగు ఎటునుంచి వస్తోందో తెలిసేలా వేసింది. కాడలు, ముళ్లు, కుండీ, కుండీ కింది పీట, అన్నీ నిండుగా ఉన్నాయి. పూలు మాత్రం తెల్లగా, నేను గీసి ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

"ఇంక అయిపోలేదా అక్కా?"

"అయిపాయె."

"పూలు?"

"చాలు తియ్యి. ఆకులైతే ఏస్త."

ఎరుపు పెన్సిలు ముక్కు విరిగిందేమో అనుకున్నాను. చూస్తే డబ్బాలో ఎరుపు, గులాబీ, పసుపు, నారింజ, అన్నీ దుకాణంలో చెక్కిన ముక్కులతోనే ఉన్నాయి. ఆకుపచ్చ రెండూ చిటికెనవేలంత అయిపోయాయి.

తర్వాతి సారి ఆకులు తగ్గించి పూలు పెంచాను. అక్క ఆ కాసిని ఆకులకే వేసి ఇచ్చింది. ఆ పైసారి ఆకులే లేకుండా కాగితం నిండా ఒకే ఒక్క మందార పువ్వు గీశాను. ఇక ఎక్కడికి పోతుంది, చూద్దామనుకున్నాను. ఆ పువ్వు చుట్టూ నేను వదిలేసిన ఖాళీనంతా నీలంగా నింపింది, ఆకాశంలా. పువ్వు తెల్లగానే ఉంది. అంత మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, మా నాన్న నుంచే. కానీ మా నాన్న మొండితనం చేసేటప్పుడు అరిచేవాడు. ఈమె మెత్తగా నవ్వి ఊరుకుంటోంది. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇదంతా అక్క వాళ్ల అత్తగారి పనేనని నేను తేల్చుకున్నాను. ఆమె నేను పుట్టకముందే మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి. తెల్లటి నేత చీర, బోసి మెడ, బోసి నుదురు. పొద్దంతా ముందుగదిలో కూర్చుని పల్లికాయలు వలిచేది, లేకపోతే బియ్యంలో రాళ్లు ఏరేది. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడని మనిషి మీద ఏ నేరమైనా మోపడం తేలిక. ఒకరోజు వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"అత్తమ్మా, మా అక్క కాయితం మీద పువ్వుకు గూడ రంగెయ్యొద్దని జెప్పినవా?"

ఆమె వలవడం ఆపలేదు. "నేనేమన్నా అన్ననా? దాన్నే అడుగు."

"మరి వీధిల ఎవరన్న అన్నరా?"

"ఎవరంటరు? దాని కాయితాలు ఎవరు జూసిన్రు?"

నిజమే. ఎవరూ వద్దనలేదు. వాకిట్లోకి వచ్చి ఒక్క మాట అన్నవాళ్లు ఉంటే కొంగు బిగించి పోట్లాడేదాన్ని. పోట్లాట మాకు అలవాటైన పని. కానీ ఇక్కడ ఎదురుగా ఎవరూ లేరు. పెళ్లిళ్లకు వెనక వరుసలో కూర్చోవడం, పూలమ్మే ఆమె గంప దించితే లోపలికి తప్పుకోవడం, ఇవన్నీ అక్క చిన్నప్పటినుంచి వేరే ఆడవాళ్లు చేస్తుంటే చూసింది. ఇప్పుడు తనంతట తానే ఆ లెక్కను కాగితం దాకా లాక్కొచ్చింది. కాగితం మీది ఇంకు గీతకు కూడా. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే అక్క "ఊకో" అంటుంది నెమ్మదిగా, అది వినే ఓపిక లేక బస్సెక్కేశాను.

రెండో ఏడు బతుకమ్మ రోజులు వచ్చాయి. ఈసారి తెలివిగా ఆలోచించాననుకున్నాను. కాగితం నిండా గునుగు గీశాను. కట్టలు కట్టలుగా, చాట నిండా. అక్క చేతిలో ఇన్నేళ్లు మెలిగిన పువ్వు. అది దేవుడి తలమీదికి పోయేది కాదు, జడలోకి పోయేదీ కాదు. గట్టు మీద మొలిచే గడ్డిపువ్వు. దీన్ని ఎలా వదిలేస్తుందో చూస్తాననుకున్నాను.

పెన్సిళ్లు అరిగిపోయాయి కదా, కొత్త డబ్బా కొందామని గద్వాలలో దిగి చూస్తే పండుగ గిరాకీలో పెన్సిళ్లు లేవు. "స్కెచ్ పెన్నులు ఉన్నయ్, పిల్లలకు అవే ఇష్టం" అన్నాడు దుకాణం అతను. ఇక్కడ కూడా పిల్లలే. సరే ఇవ్వమన్నాను. అవి ఎంత నాసిరకానివంటే డబ్బా తెరవగానే రెండు కారి ఉన్నాయి.

ముందుగదిలోనే చాప వేసి కూర్చున్నాం, అక్కా నేనూ. వాళ్ల అత్తగారు ఎప్పటిలాగే గోడకానుకుని పల్లికాయలు వలుస్తోంది. బయట వీధిలో ఆడవాళ్లు గునుగు కట్టలు కట్టుకుంటూ మాట్లాడుకుంటున్నారు. అక్క కాగితం అందుకుని చాలాసేపు చూసింది. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తీసి, గునుగు కాడలకు ఒక్కొక్కటిగా రంగు వేసింది. చాటకు గోధుమరంగు వేసింది. ఆ తర్వాత మూత పెట్టి కాగితం నాకు ఇచ్చింది.

"అక్కా, పూలు."

"గునుగు తెల్లగనే ఉంటది గద."

గునుగు నిజంగానే తెల్లగా ఉంటుంది. అన్ని రోజులు తల బద్దలు కొట్టుకుని, ఆమెకు నేనే చేతికి అందించినట్టు అందించాను ఆ సాకు. "పో, నీ ఇష్టం, ఇగ నేను గియ్య! నా చేతులు ఇరగ!" అని కాగితం చాప మీద కొట్టాను. గొంతు వీధిలోకి వినబడే ఉంటుంది. అక్క నెమ్మదిగా "సరే, ఒర్లకు" అంది.

అప్పుడు పల్లికాయల చప్పుడు ఆగింది.

"తెల్లగుంటే బతుకమ్మకెట్ల ఎక్కుతది?" అంది వాళ్ల అత్తగారు. ఇద్దరం తల తిప్పి చూశాం. ఆమె పొట్టు దులుపుకుని, ముందుకు జరిగి, డబ్బాలోంచి గులాబీ రంగు పెన్ను తీసింది. కారుతున్న వాటిలో అదొకటి. జీవితంలో ఎన్నడూ పెన్ను పట్టిన చెయ్యి కాదు. రోకలి పట్టినట్టు పిడికిలితో పట్టుకుని, ఒక గునుగు పువ్వు మీద ఆనించి, కింది కాడ దాకా బరబరా రుద్దింది. పెన్ను ముక్కు లోపలికి దిగిపోయింది. గీతలన్నీ దాటి రంగు పక్క కట్టలోకి పాకింది. కాగితం చిరిగేలా ఉంది. ఆమె ఆగలేదు. ఇంకోదానికి మొదలుపెట్టింది.

అక్క చూస్తోంది. ఆమె దవడ బిగుసుకోవడం నేను చూశాను. చిన్నప్పుడు నేను ముగ్గులో చుక్క తప్పినప్పుడు బిగుసుకునే దవడ అది.

"గట్ల గాదు అత్తా" అంది.

"ఎట్లయితే ఏంది?" అని ఆమె మూడో పువ్వును కూడా ముంచేసింది.

"మొదలుకు అంటొద్దు! కొసలకే బెట్టాలె! ఏం జేస్తున్నవ్, కట్టంత ఆగం జేస్తున్నవ్ గద!" అక్క గొంతు లేచింది. "ఇటియ్యి. ఇటియ్యి అంటున్న గదా!" అని అత్తగారి పిడికిలి విప్పి పెన్ను లాక్కుంది. కారుతున్న రంగు ఇద్దరి వేళ్లకూ అయింది. అక్క అది పట్టించుకోలేదు. కాగితం తన వైపు తిప్పుకుని, మొదటి గునుగు కొసకు, సగం కంటే తక్కువకు, గులాబీ అద్దింది. పక్కదానికి అద్దింది. నీలం పెన్ను తీసి రెండో కట్ట మొదలుపెట్టింది. "చూసినవా? గింతే. పైన చిక్కగ, కిందికి రాంగ రాంగ తెలుపు ఉండాలె. అప్పుడే పేరిస్తే వరుస కనిపిస్తది. ఎన్నిసార్లు చెప్పిన్నో గీ వీధోళ్లకు, ఒక్కళ్ల చెవికి ఎక్కితే ఒట్టు."

ఊపిరి తీస్తే కూడా ఆపేస్తుందేమోనని భయపడ్డాను.

వాళ్ల అత్తగారు తన బొటనవేలు ఎత్తి వెలుతురులో చూసుకుంది. గోరు చుట్టూ, గోటి కింద, మడతల్లో గులాబీ రంగు ఇంకిపోయింది.

"ఇది పోతదా?"

"సబ్బు బెట్టినా పోదు. నాలుగు దినాలు ఉంటది" అంది అక్క కాగితం మీంచి చూపు తిప్పకుండా.

"ఉండనియ్యి" అంది ఆమె. ఇంకాసేపు వేలు చూసుకుని, నా వైపు తిరిగింది. "అన్నన్ని కాయితాలు దానికి మోసుకొస్తివి. నాకొక్కటన్న తెచ్చినవా?"

వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, చేతికి దొరికిన ప్రతి ఆడమనిషికీ బతిమాలి బతిమాలి పంచాను ఆ కాగితాలు. ఈమె ప్రతిసారీ నా ఎదురుగా, అదే గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. సంచిలో ఖాళీ కాగితం ఒక్కటీ లేదు. గునుగు కాగితానికి వెనకవైపు తెల్లగా ఉంటుంది గానీ అది అక్క చేతిలో ఉంది, ఇప్పుడు దాన్ని అడిగే ధైర్యం నాకు లేదు. చివరికి స్కెచ్ పెన్నుల డబ్బా చింపి, లోపలి తెల్లటి అట్ట మీద పెన్నుతో బంతిపువ్వు ఒకటి గీశాను, రేకులు పెద్దవిగా ఉండేలా.

"గిదేం పువ్వు?"

"బంతి."

"బంతి గింత పెద్దగుంటదా?" అని నన్ను కసిరి, నారింజ రంగు పెన్ను పిడికిట్లో పట్టుకుంది.

అదే సమయంలో అక్క వాళ్ల ఎదురింటావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది, జల్లెడ కోసమో దేనికోసమో. గుమ్మంలోనే నిలబడిపోయింది. చాప మీద బొట్టు లేని మనుషులు ఇద్దరు, ఇద్దరి వేళ్లకూ గులాబీ రంగు, మధ్యలో పూలు. అక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది. వేళ్లు మెల్లగా కొంగులోకి వెళ్లబోయాయి. నేను లేచి ఏదో ఒకటి చెప్పబోయాను.

వాళ్ల అత్తగారు చెయ్యి దాచుకోలేదు. "ఏం జూస్తున్నవ్?" అంది, వీధి చివర దాకా వినబడే గొంతుతో. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "నేనూ నా కోడలు గునుగుకు రంగేస్తున్నం. మీది పోయినేడు ఎట్లుండెనో జూసిన గదా, చీకిపోయిన తట్టలెక్క ఉండె. తే మీ గునుగు గిట్ల. మా వాకిట్ల పొయ్యి."

ఎదురింటావిడ అక్క వైపు చూసింది. ఆవిడ వెనక్కి తిరిగి మెట్లు దిగింది. తెస్తుందో, వీధిలో నలుగురికీ చెప్పి నవ్వుతుందో తెలియలేదు. కాసేపటికి బయటినుంచి ఆవిడ గొంతే వినిపించింది. "అక్కా, రంగునీళ్లు గూడ తేవాల్నా?"

అక్క కొంగులోంచి చెయ్యి తీసింది. నీలం పెన్ను మూత పళ్లతో లాగి, ఆగిపోయిన చోటునుంచి మళ్లీ అద్దడం మొదలుపెట్టింది.

"చిక్కగ కలుపుకోని తెమ్మను" అంది నాతో, తల ఎత్తకుండా. "ఎప్పటి లెక్క పల్చగ తెస్తే నేను ముట్టనని చెప్పు. ఇంకా గూసున్నవేంది మొద్దులెక్క? పోయి చెప్పరాదూ!"

బావ పోయాక అక్క నన్ను విసుక్కోవడం అదే మొదటిసారి. నేను పరుగెత్తాను.